సిరిని వెతకాలా, ముసలమ్మ పెనం వెతకాలా?

ఈ నెల ఉత్తరాలన్నీ ముందేసుకుని చదువుతుంటే ఎక్కువ భాగం ఒకే ప్రశ్న దగ్గర తేలాయి. రోల్ ప్లేయింగ్ ఆటల్లో, అంటే మనమే ఒక పాత్రగా మారి కథలో నడిచే వీడియో గేముల్లో, అసలు కథను పట్టుకుని వెళ్ళాలా, దారిలో ఎదురైన వాళ్ళందరి పనులూ (వీటినే సైడ్ క్వెస్ట్‌లంటారు) చేసిపెట్టాలా? పైన పేర్కొన్న సిరి ‘విచర్ 3’ ఆటలో మన పాత్ర గెరాల్ట్ వెతికే అమ్మాయి. అందుకని మిగతా ప్రశ్నలను వచ్చే సంచికకు ఉంచి, ఈసారి శీర్షిక మొత్తం దీనికే ఇస్తున్నాను. కథల్లోని మలుపులను వీలైనంత వరకు బయటపెట్టకుండానే రాశాను. తప్పని చోట ముందుగా చెబుతాను.

ప్రశ్న: ‘విచర్ 3’ మొదలుపెట్టి వంద గంటలు దాటింది. స్కెలిగె దీవుల చుట్టూ సముద్రంలో ఉన్న ప్రశ్నార్థకాలను ఒక్కొక్కటే తీస్తున్నాను. నిన్న అసలు కథలోకి వెళితే ఎదురుగా మాట్లాడుతున్న మనిషి ఎవరో గుర్తు రాలేదు. సిరి కోసం వెతుకుతున్నానన్న ధ్యాసే పోయింది. సైడ్ క్వెస్ట్‌లు పూర్తిగా మానేయమంటారా?
— ఒక పాఠకుడు

జవాబు: మానేయమనను. కానీ ముందు ఆ పడవ దిగండి.

మీరు చేస్తున్నవి సైడ్ క్వెస్ట్‌లు కావు. స్కెలిగె సముద్రంలోని ఆ ప్రశ్నార్థకాల్లో చాలావరకు దొంగ రవాణాదారులు దాచిన పెట్టెలు. పైన సైరెన్‌లనే రెక్కల జీవులు ఎగురుతుంటాయి, వాటిని కొట్టి, మునిగి, పెట్టె తెరిస్తే అమ్ముకోవడానికి పనికొచ్చే సరుకు దొరుకుతుంది. అంతే. అక్కడ మిమ్మల్ని సాయం అడిగిన మనిషి లేడు, చెప్పుకోవడానికి కథ లేదు. మ్యాప్‌లో గుర్తు ఉంది కాబట్టి వెళుతున్నారు. ఆటలోని జర్నల్ తెరిచి చూడండి. ప్రధాన క్వెస్ట్‌లు, ఇతర క్వెస్ట్‌లు, విచర్ కాంట్రాక్టులు (డబ్బుకు రాక్షసులను చంపే పనులు), నిధుల వేట అని నాలుగు రకాలుగా విడదీసి ఉంటాయి. మ్యాప్ మీది ప్రశ్నార్థకాలు ఈ నాలుగింటిలో దేనికిందికీ రావు. తయారుచేసినవాళ్ళే వాటిని క్వెస్టుగా లెక్కించనప్పుడు మీరు వాటికి వంద గంటల్లో వాటా ఇవ్వనక్కరలేదు.

ఇప్పుడు నిజమైన సైడ్ క్వెస్ట్ ఎలా ఉంటుందో అదే ఆట మొదట్లోనే చూపించింది. వైట్ ఆర్చర్డ్‌లో ఒక ముసలమ్మ తాళం వేసిన ఇంటి తలుపు బాదుతూ ఉంటుంది, గుర్తుందా? ఆమె పెనం ఎవరో అరువు తీసుకుని తిరిగి ఇవ్వలేదు. అంతకు మించి ఆమెకు వేరే గొడవ లేదు. యుద్ధం వచ్చి దేశం తగలబడుతుంటే ఈమెకు పెనం కావాలి! గెరాల్ట్ తలుపు బద్దలుకొట్టి లోపలికి వెళితే ఒక శవం, కాలిపోయిన కాగితాలు, ఒంటి కంటికి పెట్టుకునే అద్దం కనిపిస్తాయి. పెనం మాత్రం తళతళలాడుతోంది. అడుగున ఉండాల్సిన మసి ఏమైంది? ఎవరో గీకి తీసి సిరా చేసుకున్నారు. అంటే ఈ ఇంట్లో రహస్య పత్రాలు రాసిన వాడెవడో ఉన్నాడు. ఆ కంటి అద్దం ఎవరిదై ఉంటుందో 2007లో వచ్చిన మొదటి ‘విచర్’ ఆడినవాళ్ళు ఇట్టే పోల్చుకుంటారు. ముసలమ్మకు ఇవేవీ పట్టవు. పెనం శుభ్రంగా తిరిగి వచ్చిందని సంబరపడుతుంది. రెండు మూడు నిమిషాల పని ఇది. కానీ యుద్ధం సామాన్యుల గుమ్మం దాకా ఎలా వస్తుందో ఇంత సూటిగా చెప్పిన ప్రధాన మిషన్ ఆ మొదటి అంకంలో మరొకటి లేదని నా అభిప్రాయం.

కాబట్టి నేను మొదట చూసుకునేది ఒక్కటే: ఈ పని ఎవరు అడుగుతున్నారు? అడిగే మనిషి ఉంటే వెళతాను. గుర్తు మాత్రమే ఉంటే వదిలేస్తాను. కీబోర్డు పక్కన నాకొక నోటుపుస్తకం ఉంటుంది. అందులో క్వెస్ట్ పేరు రాయను, అడిగిన మనిషి పేరు రాస్తాను, ఎందుకు అడిగారో ఒక ముక్క రాస్తాను. పేరు రాయడానికి ఎవరూ లేని పని ఆ పుస్తకంలోకి ఎక్కదు.

ఇక ఎప్పుడు చేయాలన్నది. సిరిని వెతకడం తొందర పనే, కానీ ఆ కథ అక్కడక్కడ తానే ఆగుతుంది. వెలెన్ ప్రాంతంలో బ్యారన్ అనే దొర తన భార్యాబిడ్డల జాడ తెలిస్తేగానీ సిరి సంగతి పూర్తిగా చెప్పనంటాడు. స్కెలిగెకు వెళ్ళే ఓడ కెప్టెన్ వెయ్యి క్రౌన్‌లు అడుగుతాడు. అంత డబ్బు చేతిలో లేనివాడు ఏం చేయాలి? ఊళ్ళోని నోటీసు బోర్డు చూసి రాక్షసులను చంపే కాంట్రాక్టులు తీసుకోవాలి. గెరాల్ట్ వృత్తే అది. అటువంటి చోట సైడ్ క్వెస్ట్ చేస్తే కథకు దూరమైనట్లు అనిపించదు, కథలోనే ఉన్నట్లు ఉంటుంది. అదే, కథలో ఎవరో గాయపడి ‘ఇప్పుడే రా’ అన్నాక పక్క ఊళ్ళో చీట్లపేక ఆటకు కూర్చుంటే మాత్రం గొంతులో ముల్లులా ఉంటుంది. నాకూ గ్వెంట్ అనే ఆ పేకాట ప్రాణం. కొత్త ఊరు చేరిన రోజు ఆడతాను, ఊరు వదిలే ముందు రోజు ఆడతాను. మధ్యలో కథ వేగం అందుకున్నప్పుడు ముట్టుకోను.

మీ లెవెల్, అంటే పాత్ర బలాన్ని చెప్పే అంకె, ఇప్పటికే బాగా పెరిగి ఉంటుంది. దానికన్నా బాగా కింద ఉన్న క్వెస్ట్‌లు జర్నల్‌లో బూడిద రంగులో కనబడతాయి, వాటితో అనుభవ పాయింట్లు దాదాపు రావు. వాటిలో ఎవరి కథైనా తెలుసుకోవాలని ఉంటే చేయండి, లెవెల్ కోసమైతే వద్దు. ఒక్క జాగ్రత్త మాత్రం తీసుకోండి. ‘ఐల్ ఆఫ్ మిస్ట్స్’ అనే పొగమంచు దీవికి బయలుదేరే ముందు కొన్ని పనులు మళ్ళీ దొరకవని ఆట హెచ్చరిస్తుంది. మాంత్రికురాలు ట్రిస్‌కు సంబంధించినది, రాజు రాడొవిడ్ మీద కుట్రకు సంబంధించినవి అంతకు ముందే ముగించండి. ఆ కుట్రను పట్టించుకోకపోతే యుద్ధం ఎవరు గెలుస్తారన్నదే మారిపోతుంది. పెట్టెలు మారుస్తాయా? మార్చవు.

ప్రశ్న: ‘బాల్డర్స్ గేట్ 3’లో నా తలలోకి పురుగు దూరింది. కొద్ది రోజుల్లో వికృత జీవిగా మారిపోతానని ఆటలో అందరూ భయపెడుతున్నారు. అందుకే రాత్రి విశ్రాంతి తీసుకోకుండా పరుగెడుతున్నాను. మంత్రాలన్నీ అయిపోయాయి, నా వాళ్ళందరూ సగం ప్రాణాలతో ఉన్నారు. ఏ తొందరా లేదని నా స్నేహితుడు అంటున్నాడు. ఎవరి మాట నమ్మాలి?
— ఒక విద్యార్థిని

జవాబు: పురుగు విషయంలో మీ స్నేహితుడి మాటే నిజం. దానికి గడియారం లేదు. పైగా విశ్రాంతి మానేస్తే మీరే నష్టపోతారు. సహచరులు మనసు విప్పి మాట్లాడే సన్నివేశాల్లో చాలా భాగం రాత్రి శిబిరంలోనే జరుగుతాయి. మీరు నిద్రపోకపోతే అవి పేరుకుపోతాయి, కొన్ని అసలు రాకుండానే కథ ముందుకు వెళ్ళిపోతుంది. కాబట్టి ఒళ్ళు అలిసినప్పుడల్లా శిబిరానికి వెళ్ళండి.

అయితే ‘ఏ తొందరా లేదు’ అన్నది పూర్తిగా నిజం కాదు. అదే ఆటలో వాకీన్స్ రెస్ట్ అనే సత్రం తగలబడుతూ కనబడుతుంది. అక్కడికి చేరాక లోపలివాళ్ళను కాపాడకుండా నిద్రపోతే, తెల్లారేసరికి బూడిదే మిగులుతుంది. గ్రిమ్‌ఫోర్జ్ అనే చోట రాళ్ళ వెనక చిక్కుకున్న నీర్ అనే పాత్ర కూడా మీరు విశ్రాంతి పేరుతో కాలం గడిపితే చచ్చిపోతాడు. పెద్ద ప్రమాదం ఆగుతుంది, చిన్న ప్రమాదం ఆగదు! వినడానికి తలకిందులుగా ఉన్నా, రూపకర్తల వైపు నుంచి చూస్తే అర్థమవుతుంది. ప్రధాన కథకు గడువు పెడితే ఆటగాడు లోకాన్ని చూడడు. ఒక్క సత్రానికి గడువు పెడితే ఆ సత్రం మాత్రమే పోతుంది, ఆటగాడికి లోకం మీద నమ్మకం కలుగుతుంది.

ఇటువంటి నిజమైన గడువులు ఎప్పటినుంచో ఉన్నాయి. 1997లో వచ్చిన మొదటి ‘ఫాలౌట్’లో మన భూగర్భ నివాసానికి నీటి చిప్ తేవడానికి 150 రోజులు ఇస్తారు. కావాలంటే నీళ్ళ వర్తకులకు డబ్బిచ్చి గడువు పెంచుకోవచ్చు. ఆ ఆటలో సైడ్ పని చేసేటప్పుడు ప్రతి ప్రయాణానికీ రోజులు లెక్కపెట్టుకోవాలి, అదొక రకమైన ఉత్కంఠ. అదే ఏడాది వచ్చిన ‘ఫైనల్ ఫాంటసీ 7’లో సంగతి వేరు. ఆకాశంలో ఉల్క వేలాడుతూ ఉంటుంది, మీరు కింద చోకోబో పక్షులను పెంచి పందేలు ఆడుకుంటూ ఎంతకాలమైనా గడపవచ్చు. ఉల్క కదలదు.

నా దృష్టిలో నిజమైన గడువును అన్నిటికన్నా కఠినంగా వాడింది 2010లో వచ్చిన ‘మాస్ ఎఫెక్ట్ 2’. (ఇక్కడ కథ కొంచెం చెప్పక తప్పదు. ఆడాలనుకునేవారు ఈ పేరా వదిలేయండి.) చాలాసేపు ఆ ఆట మనకు కావలసినంత తీరిక ఇస్తుంది. తర్వాత ఒకరోజు శత్రువులు మన ఓడ మీద పడి సిబ్బందిని ఎత్తుకుపోతారు. వెంటనే ఒమెగా 4 రిలే అనే అంతరిక్ష ద్వారం దాటి వెళితే వాళ్ళందరినీ బతికించుకోవచ్చు. మధ్యలో ఒకటి నుంచి మూడు వరకు వేరే మిషన్‌లు చూసుకుంటే సగం మంది పోతారు. అంతకన్నా ఆలస్యమైతే డాక్టర్ చాక్వాస్ ఒక్కరే మిగులుతారు. అప్పటిదాకా ఏ సైడ్ మిషన్‌కూ శిక్ష లేని ఆట ఆ ఒక్క చోట మాట నిలబెట్టుకుంటుంది. అంతకు ముందు ఆ ఓడలో తిరిగి వంటవాడితోనూ ఇంజనీర్లతోనూ మాట్లాడిన వాళ్ళకు ఆ ఖాళీ ఓడలో నడుస్తుంటే కడుపులో చెయ్యి పెట్టి దేవినట్లు ఉంటుంది.

నిజమైన గడువును ఎలా గుర్తుపట్టాలి? తెర మీద అంకె గానీ క్యాలెండర్ గానీ ఉంటే అది నిజం. ‘పెర్సోనా 5’లో తేదీ ఎప్పుడూ కళ్ళ ముందే ఉంటుంది. ఒక చోటు కళ్ళముందే మండుతున్నా, కూలుతున్నా, ఎవరికైనా ఊపిరాడకున్నా నిజమే అనుకోండి. కథలో పెద్దవాళ్ళు ‘కాలం మించిపోతోంది’ అని ఊరికే అంటుంటే మాత్రం భోజనం చేసి, నిద్రపోయి, తర్వాత వెళ్ళవచ్చు.

ప్రశ్న: సైడ్ క్వెస్ట్‌లన్నీ చేసి వెళితే ప్రధాన బాస్, అంటే కథలోని పెద్ద శత్రువు, రెండు దెబ్బలకే పడిపోతున్నాడు. కథ మజా పోతోంది. ఏదైనా మార్గం ఉందా?
— ఒక పాఠకుడు

జవాబు: ఉంది. ఆట సెట్టింగ్స్ ఒకసారి చూడండి. ‘విచర్ 3’లో శత్రువుల లెవెల్‌ను మీ లెవెల్‌కు పెంచే సదుపాయం ఉంది, ఎలుకలు కూడా మిమ్మల్ని చంపగలవు, జాగ్రత్త. ‘సైబర్‌పంక్ 2077’లో 2023 నాటి 2.0 అప్‌డేట్ తర్వాత శత్రువులు మీతోపాటే పెరుగుతారు. అలాంటి ఏర్పాటు లేని ఆటలో కఠినత ఒక మెట్టు పెంచండి. అదీ చాలకపోతే సైడ్ పనుల్లో దొరికిన గొప్ప కత్తిని పెట్టెలో దాచి, కథలో దొరికిన కత్తితో బాస్ దగ్గరికి వెళ్ళండి.

శత్రువులందరినీ మనతోపాటు పెంచడమే మంచిదని మాత్రం అనుకోకండి. 2006 నాటి ‘ఆబ్లివియన్’లో అలాగే చేస్తే, దారి కాచి చిల్లర అడిగే దొంగలు కూడా అత్యంత ఖరీదైన కవచాలు తొడుక్కుని వచ్చేవారు. మనం ఎదిగామన్న తృప్తి లేకుండా పోయింది. పాత ఊరికి తిరిగి వెళ్ళినప్పుడు ఒకప్పుడు భయపెట్టిన తోడేలు ఒక్క దెబ్బకు పడాలి. అదొక సుఖం, దాన్ని వదులుకోవద్దు.

ప్రశ్న: ఉద్యోగం, పిల్లలు. రోజుకు గంట దొరికితే గొప్ప. ప్రధాన కథ మాత్రమే ఆడి ముగిద్దామనుకుంటున్నాను. అలా చేస్తే ఏం కోల్పోతాను?
— ఒక పాఠకురాలు

జవాబు: ఆటను బట్టి. ‘విచర్ 3’ ప్రధాన కథ ఒక్కటే సుమారు 50 గంటలు, పక్క పనులు కలిపితే 100 దాటుతుంది. మీ లెక్కన అది నెలలు. కాబట్టి ఏరుకోవడం తప్పదు, అందులో తప్పేమీ లేదు.

మీతో కలిసి నడిచేవాళ్ళ పనులు మాత్రం ఏ ఆటలోనూ వదలకండి. వాటిని సైడ్ క్వెస్ట్ అని పేరు పెట్టి పక్కన ఉంచుతారు గానీ కథ గుండె చాలాసార్లు అక్కడే కొట్టుకుంటుంది. ‘మాస్ ఎఫెక్ట్ 2’లో ప్రతి సహచరుడికీ ఒక సొంత సమస్య ఉంటుంది, దాన్ని తీర్చితే విధేయత వస్తుంది, చివరి దాడిలో ఎవరు బతుకుతారన్నది చాలావరకు దాని మీదే ఆధారపడుతుంది. ప్రధాన కథ ఒక్కటే పరుగెత్తి పూర్తిచేసినవాడు శవాలు లెక్కపెట్టుకుంటాడు. ‘సైబర్‌పంక్ 2077’లో పానమ్ కథ పూర్తి చేయకపోతే ఒక ముగింపే దొరకదు. ‘పెర్సోనా 5 రాయల్’లో బడి కౌన్సెలర్ మరుకితో స్నేహం నవంబర్ 18 నాటికి తొమ్మిదో మెట్టు చేరకపోతే చివరి భాగం మొత్తం, అంటే ఆ కొత్త విడుదలకు కారణమైన భాగం, తెరుచుకోదు. 1995 నాటి ‘క్రోనో ట్రిగర్’ చివరలో పక్క పనులు దాదాపు ఒక్కొక్క పాత్రకు ఒక్కొక్కటిగా వస్తాయి. వాటిలో లూకా అనే పాత్ర తల్లి కాళ్ళు యంత్రంలో చిక్కుకున్న ఘట్టం ఒకటి. కొన్ని క్షణాల్లో యంత్రం ఆపాలి, ఆపడానికి సంకేతపదం తెలియాలి. ఆ చిన్న ఘట్టం చూసినవాళ్ళకు లూకా యంత్రాల పిచ్చి మరోలా కనబడుతుంది. ప్రధాన కథలో ఆ సంగతి ఎక్కడా ఇంత దగ్గరగా చెప్పరు.

ఇక గంటను ఎలా వాడుకోవాలో చెబుతాను. ఒక రోజు ఒకే రకం పని పెట్టుకోండి. ప్రధాన మిషన్ మొదలుపెట్టిన రోజు అదే. సగంలో ఆపాల్సి వస్తే మర్నాడూ అదే. సైడ్ పనికి కేటాయించిన రోజు ఒక్క మనిషి కథే తీసుకోండి. గంటలో నాలుగు పనులు తలో ముక్క చేస్తే మర్నాటికి ఏదీ గుర్తుండదు. ఆపే ముందు ఒక వాక్యం రాసిపెట్టుకోండి: ఎక్కడున్నాను, ఎవరి కోసం వెళుతున్నాను. కొన్ని ఆటలు ఈ సాయం తామే చేస్తాయి. ‘విచర్ 3’ సేవ్ లోడ్ అవుతున్నప్పుడు గెరాల్ట్ స్నేహితుడు డాండెలియన్ గొంతుతో అప్పటిదాకా జరిగిన కథ చెబుతారు. చాలామంది బటన్ నొక్కి దాటేస్తారు. మీరు దాటేయకండి, మీలాంటివాళ్ళ కోసమే అది.

ప్రశ్న: ‘ఎల్డెన్ రింగ్’లో క్వెస్టుల జాబితాయే లేదు. ఏది ప్రధానం, ఏది పక్కదో తెలియడం లేదు. కోట గుమ్మంలో మార్గిట్ అనే బాస్ చేతిలో చచ్చి చచ్చి విసిగిపోయాను.
— ఒక పాఠకుడు

జవాబు: మార్గిట్‌ను అక్కడే ఉంచి దక్షిణానికి వెళ్ళండి. వంతెన దాటితే వీపింగ్ పెనిన్సులా వస్తుంది. అక్కడి గుహలు, చిన్న కోట, చర్చిలు చూసుకుని తిరిగి రండి. మార్గిట్ మారడు, మీరు మారతారు. ఆ ఆటలో గట్టి బాస్ తలుపు మూసేవాడు కాదు, పక్క దారి చూడమని చెప్పేవాడు. గుమ్మంలో తల బాదుకోవడం పట్టుదల కిందికి రాదు.

జాబితా లేకపోవడం నాకు ఇష్టం. జాబితా ఉంటే మనం మనుషుల మాటలు వినం, గీతలు కొట్టేసుకుంటూ పోతాం. ఇక్కడ ఎవరేమన్నారో చెవి పెట్టి వినాలి. కాకపోతే కొందరి కథలు మీరు ముందుకు వెళ్ళిన కొద్దీ తెగిపోతాయి. 2022లో ఆట వచ్చిన కొద్ది వారాలకే 1.03 అప్‌డేట్‌తో, మీరు కలిసిన పాత్రల పేర్లు మ్యాప్‌లో కనబడే ఏర్పాటు చేశారు. పెద్ద చెట్టుకు సంబంధించిన ఘట్టం తర్వాత రాజధాని రూపే మారిపోతుంది, అక్కడి పనులు అంతకు ముందే చూసుకోవాలి. మాంత్రికురాలు రాన్ని అడిగిన పనిని మాత్రం చివరిదాకా పట్టుకోండి. అది పక్క కథలా మొదలై ఒక ముగింపు దాకా తీసుకెళుతుంది, నాకు ఆ ఆటలో అన్నిటికన్నా నచ్చిన ప్రయాణం అదే.

ప్రశ్న: మా అబ్బాయి ‘జెల్డా: బ్రెత్ ఆఫ్ ది వైల్డ్’ ఆడుతున్నాడు. కథ వదిలేసి ఏవో విత్తనాలు ఏరుతున్నాడు. మొత్తం 900 ఉన్నాయట. ఆడుతున్నప్పుడు ముఖంలో సంతోషం కనబడదు. అడిగితే ‘పూర్తి చేయాలి కదా’ అంటాడు. నాకు ఆటలు తెలియవు. ఏం చెప్పాలి?
— ఒక తల్లి

జవాబు: అమ్మా, ఆటలు తెలియకపోయినా అసలు సంగతి మీరే పట్టుకున్నారు. ముఖంలో సంతోషం లేదు.

అబ్బాయికి ఈ రెండు అంకెలు చెప్పండి. ఆయుధాల సంచి పూర్తిగా పెద్దదవడానికి కావలసిన విత్తనాలు 441. మిగిలిన 459తో సంచి పెరగదు. అన్నీ ఏరినవాడికి హెస్టు అనే పాత్ర ఒక బంగారు రంగు వస్తువు ఇస్తుంది. అది పేడ ముద్ద ఆకారంలో ఉంటుంది! అన్ని విత్తనాలు పెట్టింది అన్నీ ఏరాలని కాదు. ఎటు వెళ్ళినా, ఏ కొండ ఎక్కినా ఎవరికైనా కొన్ని దొరకాలని అలా చల్లారు. ఒక రాయి కొంచెం తేడాగా ఉంటే ఎత్తి చూడటం, కింద నుంచి చిన్న ప్రాణి నవ్వుతూ పైకి రావడం, ఆ సంతోషం కోసం. గైడ్ పక్కన పెట్టుకుని వరుసగా ఏరేవాడికి ఆ సంతోషం ఉండదు, ఎందుకంటే రాయి ఎత్తకముందే ఏముందో తెలుసు.

పూర్తి చేయాలన్న పట్టుదల చెడ్డదని నేను అనను. కానీ పూర్తికాని పనులు కూడా కొన్ని ఆటల్లో ఉంటాయని అతనికి తెలియాలి. ‘స్కైరిమ్’లో దొంగల సంఘంలోని డెల్విన్, వెక్స్ అనేవాళ్ళు ఇచ్చే చిల్లర దొంగతనాలకు అంతు లేదు. ఒకటి ముగిస్తే యంత్రమే ఇంకొకటి పుట్టిస్తుంది. ‘డ్రాగన్ ఏజ్: ఇంక్విజిషన్’ 2014లో వచ్చినప్పుడు హింటర్‌లాండ్స్ అనే మొదటి ప్రాంతంలోనే అన్నీ ముగించాలని కూర్చుని చాలామంది విసిగి ఆట వదిలేసే దాకా వెళ్ళారు. ‘అక్కడి నుంచి బయటికి రండి, మిగతా లోకం ఎంతో ఉంది’ అని ఆడినవాళ్ళు ఒకరికొకరు చెప్పుకోవాల్సి వచ్చింది.

మీరు వద్దని చెప్పకండి. పక్కన కూర్చుని ‘ఈ రోజు ఎవరిని కలిశావు?’ అని అడగండి. అతని దగ్గర ఏమైనా జవాబు ఉంటే ఆట బాగానే సాగుతోందన్నమాట. లేకపోతే అతనే ఆలోచనలో పడతాడు. తర్రీ టౌన్ అనే ఊరు కట్టించే పక్క కథ ఒకటి ఆ ఆటలోనే ఉంది. ఒక్కడు మొదలుపెట్టిన చోట ఒక్కొక్క మనిషినీ వెతికి తెచ్చి ఊరు నిలబెట్టాలి. అది చేశాడా అని అడగండి. చేయకపోతే మీరిద్దరూ కలిసి చూడటానికి అంతకన్నా మంచిది నాకు తట్టడం లేదు.

ప్రశ్న: నాది వేరే బాధ. ‘సైబర్‌పంక్ 2077’లో పక్క పనులన్నీ అయిపోయాయి. ‘ఎంబర్స్‌లో హనాకోను కలవండి’ అన్న ఒక్క పనే, అంటే ముగింపుకు దారితీసే పనే, మిగిలింది. నెలలుగా ఆ పని అలాగే ఉంది. వెళితే అయిపోతుందేమోనని రోజూ ఊరంతా తిరిగి ఆపేస్తున్నాను.
— ఒక పాఠకుడు

జవాబు: హనాకోను ఎదురుచూడబెట్టినవాళ్ళు మీరొక్కరే కాదు, ఆ ఆట ఆడినవాళ్ళలో చాలామంది ఇలాగే చేశారు. ఆ ఆటలోని నగరం నైట్ సిటీని వదలబుద్ధి కాకపోవడం ఆ ఆట మీద మీకున్న ప్రేమ. నాకు బాగా అర్థమవుతుంది.

వెళ్ళే ముందు మీ ఫోనులోని పేర్లు ఒకసారి చూడండి. పానమ్, జూడీ, కెర్రీ, రివర్, వీళ్ళలో ఎవరి కథైనా సగంలో ఆగిందా? మీ పాత్ర తలలో ఉండే జానీ తన పాత స్నేహితురాలు రోగ్‌తో గడపాలనుకున్న సాయంత్రం అయిందా? ఇవి అయితే ముగింపుల్లో చాలావాటికి దారి తెరుచుకున్నట్లే. 2023లో వచ్చిన ‘ఫాంటమ్ లిబర్టీ’ విస్తరణ మీ దగ్గర ఉంటే దాన్ని కూడా ముందే ముగించండి, దానివల్ల మరో ముగింపు కూడా దొరకవచ్చు.

అయిపోతుందన్న భయం అక్కరలేదు. ముగింపు చూశాక ఆట మిమ్మల్ని ఎంబర్స్‌కు వెళ్ళకముందు ఉన్న చోటికే తిరిగి తెస్తుంది. ఊరు అలాగే ఉంటుంది, కావాలంటే వేరే ముగింపు చూడవచ్చు. కానీ మీ పాత్ర, వి, ఇంకా కొన్ని వారాలే బతుకుతానని మొదట్లోనే విన్న మనిషి. ఆ మాటకు వి ఏం జవాబు చెబుతుందో లేదా చెబుతాడో మీరింకా చూడలేదు. ఇన్నాళ్ళు పక్క పనుల్లో కలిసిన వాళ్ళలో ఎవరి తోడు తీసుకోవాలన్నదే చివర్లో మిమ్మల్ని అడిగే ప్రశ్న. అంటే మీరు ఊరంతా తిరిగిన కాలమంతా అక్కడ లెక్కలోకి వస్తుంది.

రెండు మూడు గంటలు తీరిక ఉన్న రోజు చూసుకోండి. ఎంబర్స్ దగ్గర ఇక వెనక్కి రాలేరని ఆటే హెచ్చరిస్తుంది. అక్కడ వేరే సేవ్ ఒకటి చేసి లోపలికి వెళ్ళండి. ఎవరిని తోడు తీసుకున్నారో నాకు రాయండి.